కరవని బూట్లు

అక్టోబరు 19, 2024. శనివారం

ఉదయ్‌భాస్కర్‌కి ఇవాళ శాలువా కప్పాను. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు మా జూనియర్ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యాడు. యాభై ఆరేళ్ళ వైస్ ప్రిన్సిపల్ శాలువా కప్పడానికి పనికొచ్చాడు. కరస్పాండెంటుగారు మైకు పట్టుకుని, "మణిశంకర్‌గారు మన సంస్థకి పునాదిరాయి" అన్నారు. పునాదిరాళ్ళు ఎక్కడుంటాయో అందరికీ తెలిసిందే. మట్టిలో.

నాకేమీ బాధ లేదు. ఆ సంగతి రాసిపెట్టుకోవడానికే ఈ డైరీ తీశాను. సన్మానంలో లడ్డూలు బాగున్నాయి. రెండు తిన్నాను. మా ఆవిడ వరహాలు ఆ పక్క ఎవరితోనో మాట్లాడుతోంది, చూడలేదు.

అక్టోబరు 20. ఆదివారం

పొద్దున్న గోదావరి గట్టు మీద నడక. మా నడక బృందానికి అధ్యక్షుడు పల్లంరాజు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు, ఒక ఐసు ఫ్యాక్టరీ, ఇక్కడ రాజమండ్రిలో మేడ, చేతికి గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పే గడియారం. తన గుండె కొట్టుకుంటోందని ఆయన రోజూ మాకు చూపిస్తాడు. మేమూ రోజూ సంతోషిస్తాం.

ఈసారి కార్తీక వనభోజనాలు మారేడుమిల్లిలోనట. ఊరికే తిని రావడానికి వీల్లేదు. ముందు కొండ ఎక్కాలి, పైన వాగులో కాళ్ళు పెట్టుకోవాలి, దిగి వచ్చాకే పనసపొట్టు కూర.

"కొండంటే కొండేనండి, మన గట్టులా ఉండదు. మోకాళ్ళు అరిగినోళ్ళు కింద వంట దగ్గర కూర్చున్నా ఏం పోదు. ఏవంటారు మేస్టారూ?" అన్నాడు రాజు.

అంతమందిలో నన్నే ఎందుకడగాలి? శాలువా కబురు గట్టు దాకా వచ్చిందన్నమాట.

"ముందు నా పేరు రాయండి" అన్నాను.

"ఆ కిందే నాదీ రాయండి అన్నయ్యగారూ" అంది నా వెనకనుంచి మా ఆవిడ. వరహాలక్ష్మి పుట్టింది అమలాపురం దగ్గర, పెరిగింది కొబ్బరితోటలో. జీవితంలో ఆమె ఎక్కిన కొండ మా అపార్టుమెంటు డాబా. అదీ వడియాలు పెట్టడానికి.

అక్టోబరు 23

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరహాలు గుమ్మంలో నిలబడి నా కాళ్ళకేసి చూస్తోంది.

"రెండో చెప్పేదండీ?"

చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. వెనక్కి వెళ్తే ఆటో దిగిన చోట, పాల బూత్ ముందు, బోర్లా పడి ఉంది. ఇంత వదులు చెప్పులు కొంటే జారక ఏం చేస్తాయి? అదే అన్నాను. "అవి మీరు కొనుక్కున్నవే" అంది. నడుస్తుంటే కాలికి రోడ్డు తగలలేదా, వేడి తెలియలేదా అని ఒకటే ప్రశ్నలు. ఆలోచనల్లో ఉన్న మనిషికి చెప్పులు గుర్తుంటాయా? ఆలోచన అంటే ఏమిటో వాళ్ళ పుట్టింట్లో ఎవరికైనా తెలిస్తేగా.

అక్టోబరు 26

డాక్టరు చూసి సరేనంటేగాని కొండెక్కడానికి వీల్లేదని వరహాలు పట్టుబట్టింది. డాక్టర్ మధులత మా కాలేజీలో చదివిన పిల్లే. అప్పట్లో నన్ను చూస్తే లేచి నిలబడేది. ఇవాళ నేను ఆమె ముందు పడుకుని అరికాళ్ళు చూపించాను. సుగరు అంకె చూసి పెదవి విరిచింది. అది రాయను. అది పూర్తిగా లడ్డూల అంకె.

తర్వాత కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాను దారం అరికాలికి ఆనిస్తుందట. తెలిసినప్పుడల్లా "ఆఁ" అనాలట.

"ఆఁ" అన్నాను. కాసేపాగి, "ఆఁ". మళ్ళీ, "ఆఁ".

"సార్, నేనింకా మొదలుపెట్టలేదండి" అంది మధులత.

దారం మరీ సన్నం. పైగా గదిలో ఏసీ. చలికి కాళ్ళు ఎవరికైనా మొద్దుబారతాయి. ఆ మాటే చెప్పాను.

"ఏసీ పాడైపోయి వారమైంది సార్."

అయితే ఉక్కపోత వల్ల.

"కొండ వద్దనే నేనంటాను సార్. మీ పాదాల్లో స్పర్శ తగ్గింది. దెబ్బ తగిలినా మీకు తెలియదు. వెళ్ళి తీరతానంటే మాత్రం వేళ్ళ దగ్గర బాగా వెడల్పుగా ఉన్న బూట్లు కొనుక్కోండి. ఇరుకువి వద్దు. దారిలో మధ్యమధ్య విప్పి పాదాలు కళ్ళతో చూసుకోండి."

కళ్ళతో కాకపోతే చెవులతో చూసుకుంటారా? వరహాలు మాత్రం ప్రతి మాటకీ తల ఊపింది.

వెడల్పు అనే మాట నాకు పడదు. మా నాన్న పురోహితుడు. కోనసీమలో ఊరూరూ ఉత్తకాళ్ళతో తిరిగాడు. ఆయన పాదాలు ముందువైపు విసనకర్రల్లా విచ్చుకుని ఉండేవి. నాకూ అవే వచ్చాయి. కాలేజీలో చేరిన నాటి నుంచీ వాటిని ఎనిమిదో నంబరులోనే ఉంచాను. చదువుకున్నవాడి పాదం చదువుకున్నట్టు కనబడాలి.

నవంబరు 2. శనివారం

మెయిన్ రోడ్డులో బూట్ల షాపుకి సాయంత్రం వెళ్ళాం. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయట, అప్పుడు సరిపోయినవే కొండ మీద సరిపోతాయట. ఫోనులో వీడియోలు చూసి వరహాలు ఈ విషయంలో ఎం.ఏ. పూర్తి చేసింది. ఇంటి నుంచి మందపాటి మేజోళ్ళు కూడా తెచ్చుకుంది. సేల్స్‌మన్ పేరు గణేష్‌బాబు. ఎవరేది వేసుకున్నా "మీకోసమే చేసినట్టుందండి" అంటాడు.

ఆడవాళ్ళ బూట్లన్నీ ముందుకి వచ్చేసరికి సన్నగా మొన తేలి ఉన్నాయి. వరహాలు ఒక పాత పేపరు అడిగి, దానిమీద నిలబడి, పాదం చుట్టూ పెన్నుతో గీయించుకుంది. ఆ గీత మీద ఒక్కో బూటూ పెట్టి చూసింది. ప్రతిసారీ గీత రెండు పక్కలా బయటికి కనబడుతోంది.

"ఇవి చేసినోళ్ళకి అమ్మా అక్కా లేరేంటండీ? ఆడదాని కాలు ఇలా ఉంటుందని ఎవరు చెప్పారు వాళ్ళకి?" అని షాపంతా వినబడేలా అడిగింది.

చివరికి మగవాళ్ళ వైపు నుంచి ఒక బూడిదరంగు జత తీసింది. ముందుభాగం అట్లకాడంత వెడల్పు. వేసుకుని, లోపల వేళ్ళు ఆడించి, షాపు మెట్లు ఎక్కింది, దిగింది. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి కొట్టుకోకూడదట, మడమ లేవకూడదట.

"అవి మగవాళ్ళవి" అన్నాను, మెల్లగా.

"ఆ సంగతి బూట్లకి తెలుసా?" అంది, మెల్లగా కాదు.

నాకు ఇన్ని పరిశోధనలు అక్కర్లేదు. పల్లంరాజు వేసుకునే రకం చాలు. నలుపు, పక్కన ఎర్రగీత, సన్నగా, వేటకి బయలుదేరిన చిరుతపులిలా ఉంటాయి. ఎనిమిదో నంబరు తెప్పించాను. నా పాదం అందులోకి దూర్చేసరికి గణేష్‌బాబుకి చెమట పట్టింది.

"వేళ్ళ దగ్గర నొక్కుతోందాండి?"

"లేదు."

"పక్కలాండి?"

"ఎక్కడా లేదయ్యా."

అతను నాకేసి భక్తిగా చూశాడు. "అదృష్టవంతులండి బాబూ. ఈ మోడలు కరవనిది ఇంతవరకూ మీ ఒక్కరినేనండి."

వరహాలు వంగి బూటు కొసని బొటనవేలితో అదిమింది. "లోపల చోటే లేదండీ. చిటికెనవేలు పక్కవేలు మీదకి ఎక్కి కూర్చుంది. పెద్దది చూడండి, వెడల్పుది."

కాలు ఎవరిది? నాకు తెలియదా?

నవంబరు 9

బూట్లు కొండకి వెళ్ళేముందే కాలికి అలవాటు కావాలట. వరహాలు రోజూ అవి వేసుకుని అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగుతోంది. చీర మీద మగబూట్లు. కింద వాచ్‌మన్ రత్తయ్య మొదటిరోజు ఎవరో పోలీసావిడ అనుకుని లేచి నిలబడ్డాడు. నావి పెట్టెలోనే ఉన్నాయి. కొత్తవి కొత్తగా ఉండగానే కొండకి చూపించాలి.

నవంబరు 16

స్టాఫ్ మీటింగులో ఉదయ్‌భాస్కర్ "యువరక్తం, యువరక్తం" అని పదేపదే అన్నాడు. కొండ దిగి వచ్చాక ఫోటోలు చూపిస్తాను, ఎవరి రక్తం ఎలాంటిదో.

నవంబరు 25. సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. అలసట వల్ల. నిన్నటి సంగతి రాస్తాను.

తెల్లవారకముందే బస్సు బయలుదేరింది. రంపచోడవరం దాటాక పొగమంచు. మారేడుమిల్లిలో ఉప్మా తిని కొండ దారి పట్టాం. పల్లంరాజు అందరికంటే ముందు, చేతిలో మడతపెట్టే కర్ర, కాళ్ళకి నావంటి బూట్లే. మొదట్లో ఆయన్ని అందుకోలేకపోయాను. కొంచెం పైకి వెళ్ళేసరికి రాజు కుంటడం మొదలైంది. ఇంకొంచెం పైన ఒక బండ మీద కూలబడి ఉన్నాడు, బూట్లు విప్పేసి.

"ఓర్నాయనో మేస్టారూ! ఇయ్యి బూట్లు కావండి, ఎండ్రకాయలండి! పట్టుకుంటే వదలట్లేదు. మీవీ ఇయ్యేగా, మీకెలా ఉందండి?"

"పరుపు మీద నడిచినట్టుంది" అన్నాను.

రాజు బూట్లు రెండూ లేసులు ముడేసి మెడలో వేసుకుని, ఉత్తకాళ్ళతో, ముళ్ళు చూసుకుంటూ మెల్లగా బయలుదేరాడు. నేను ఆయన్ని దాటిపోయాను. శాలువా రోజు నుంచి ఇంత ఆనందం లేదు.

తర్వాతి మలుపులో వరహాలు. దారి పక్కన కూర్చుని, బూట్లు విప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ చూసుకుని, మేజోళ్ళు దులుపుకుని మళ్ళీ తొడుక్కుంటోంది.

"మీరూ కూర్చుని ఒకసారి విప్పి చూసుకోండి. మధులత చెప్పింది కదా."

"విప్పడానికి రాలేదు, ఎక్కడానికి వచ్చాను" అని ఆమెనీ దాటేశాను. దారిలో రెండుమూడు చోట్ల జారాను. నేను ఒకచోట పెడితే కాలు ఇంకోచోట పడింది. పాచి వల్ల.

వాగు దగ్గరికి మా బృందంలో అందరికంటే ముందు చేరింది నేనే. ఇది రాసిపెట్టుకోవాలి. ఒక ఎత్తైన రాయి చూసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరూ వచ్చి నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని "అమ్మయ్య" అంటున్నారు. ఆఖరున రాజు, మట్టికొట్టుకుపోయిన కాళ్ళతో వచ్చాడు. నీళ్ళల్లోకి దిగి కళ్ళు మూసుకున్నాడు.

"దిగండి మేస్టారూ! ప్రాణం లేచొస్తోంది" అన్నాడు. నేను దిగలేదు. నా కాళ్ళకి ప్రాణం ఎక్కడికీ పోలేదు కనక.

వరహాలు దగ్గరికి వచ్చి నా పాదంకేసి చూసింది. "మేజోడు తడిసిందేంటండీ?"

"వాగు నీళ్ళు."

"మీరు వాగులో దిగలేదు."

మోకాళ్ళ మీద కూర్చుని లేసులు విప్పింది. బూటు రాలేదు. రెండు చేతులతో లాగితే వచ్చింది. తెల్ల మేజోడు సగం దాకా ఎర్రగా ఉంది. బూటు తిరగేస్తే కందిగింజ కంటే పెద్ద రాయి ఒకటి కింద పడింది. కొండ మొదట్లో ఎక్కడో దూరి ఉంటుంది. మేజోడు తీస్తే చిటికెనవేలి గోరు మేజోటితో పాటు వచ్చేసింది.

అందరూ నీళ్ళల్లోంచి లేచి వచ్చి చుట్టూ మూగారు. నాకు మటుకు ఎవరిదో కాలు చూస్తున్నట్టుంది. వాళ్ళ భయం పోగొడదామని, "నాకేం నొప్పి లేదు" అన్నాను, నవ్వుతూ.

రాజు మొహం పాలిపోయింది. "నొప్పి లేదంటాడేంటండీ ఈయన?" అని వరహాలుని అడిగాడు, నేనక్కడ లేనట్టు. ఆమె తాగే నీళ్ళతో కాలు కడిగి, చున్నీ చింపి కట్టు కట్టింది. ట్రెక్కింగుకని చుడీదారు వేసుకొచ్చింది నిన్న. దాన్ని చూసి పొద్దున్న ఒక మాట కూడా అన్నాను.

నడుస్తానన్నా వినకుండా రాజు నన్ను వీపు మీదకి ఎక్కించుకున్నాడు. "రొయ్యల మేత బస్తాలకంటే తేలికేనండి" అన్నాడు. ఉత్తకాళ్ళతో కొండ దింపాడు. అతి చేశాడు. ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. నేను నడవగలను. నడిచేవాణ్ణే.

పనసపొట్టు కూర బస్సులోకే తెచ్చిపెట్టారు. ఉప్పు తక్కువ.

నవంబరు 26

ఆసుపత్రికి పదమని వరహాలు గొడవ. కొండెక్కినవాళ్ళకి దెబ్బలు తగులుతాయి. పసుపు అద్దాను.

నవంబరు 27

చెప్పులతో కాలేజీకి వెళ్ళాను. "కొండెక్కారటగా సార్, గ్రేట్" అన్నాడు ఉదయ్‌భాస్కర్. రాజు వీపు మీది ఫోటో అతని ఫోనులోకీ వచ్చిందో లేదో మొహం చూసి కనుక్కోలేకపోయాను.

నవంబరు 30

పడకగదిలో ఏదో వాసన. బీరువా వెనక ఎలుక చచ్చిందని వరహాలు చేత బీరువా జరిపించాను. ఎలుక లేదు.

డిసెంబరు 1

జ్వరం. కట్టు విప్పి చూశాం. ఎలుక ఎక్కడుందో తెలిసింది.

డిసెంబరు 3. ఆసుపత్రి

"చిటికెనవేలు తీసెయ్యాలి సార్. ఆలస్యం చేస్తే పాదమే" అంది మధులత.

"దానివల్ల ఉపయోగం కూడా ఏమీ లేదులే అమ్మా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

వరహాలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. వెనక్కి తిరక్కుండానే, "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అని అడిగింది.

డిసెంబరు 5

తీసేశారు.

డిసెంబరు 12

ఇంటికి వచ్చి రెండు రోజులైంది. వరహాలు పొద్దున్నా సాయంత్రం నా రెండు కాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని ఫోను లైటు వేసి అరికాళ్ళు చూస్తోంది. వేళ్ళ సందులన్నీ చూస్తోంది. మాట్లాడడం లేదు. అన్నం, మందు, పడుకోండి. అంతే. ఇవాళ ఉండబట్టలేక అడిగాను, నేనేం చేశానని.

కట్టు కడుతున్నదల్లా ఆగింది.

"వాగు దగ్గర మీరు నొప్పి లేదన్నారు చూడండి, నవ్వుతూ, గొప్పగా. నేనప్పుడు మీ గోరు మేజోట్లోంచి తీస్తున్నాను. చెప్పు పోయిందంటే ఆలోచనల్లో ఉన్నానన్నారు. డాక్టరు దారం పెడితే ఏసీ అన్నారు. ప్రిన్సిపల్ చెయ్యలేదని ఊరంతా జాలిపడుతుంటే, నాకేమీ లేదని లడ్డూలు తిన్నారు. నేను చూశాను, రెండూ చూశాను. అన్నిటికీ లేదు, లేదు. బాధగా ఉందని ఒక్కసారి నాతో అంటే ఏం పోయేదండీ?"

ఆమె కట్టు కట్టేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయింది.

డిసెంబరు 13

బాధగానే ఉంది. ఉద్యోగం గురించి.

డిసెంబరు 14

నిన్న రాసింది ఇవాళ ఆమెతో అన్నాను. కాఫీ ఇస్తోంది. "ఊఁ" అంది. కప్పు నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళకుండా పక్కన కుర్చీలో కూర్చుంది. చాలాసేపు ఆ కరస్పాండెంటుగారిని తిట్టాం. వరహాలుకి ఇన్ని తిట్లు వచ్చని నాకు తెలియదు. కోనసీమ వృథా పోలేదు.

జనవరి 25, 2025

గాయం మానిందని మధులత చెప్పింది. ఇక ఇంట్లో కూడా ఉత్తకాళ్ళతో తిరగకూడదట. బూట్ల కోసం మళ్ళీ మెయిన్ రోడ్డుకి వెళ్ళాం. పల్లంరాజు కారులో తీసుకెళ్ళాడు. ఈ నెలన్నరలో ఆయన వారం వారం వచ్చి నా ఎదురుగా కూర్చుని రొయ్యల ధరలు చెప్పాడు. ఒక్కసారి కూడా కొండ మాట ఎత్తలేదు. మనిషి మీద విసుగు తెచ్చుకుందామన్నా అవకాశం ఇవ్వడు.

గణేష్‌బాబు నన్ను గుర్తుపట్టాడు. "ఆ మోడలే చూపించమంటారాండి? కొత్త రంగులొచ్చాయి."

వరహాలు పేపరు పరిచింది. దానిమీద నిలబడ్డాను. ఆమె నా పాదం చుట్టూ పెన్నుతో గీసింది. పక్కకి జరిగి చూశాను. అచ్చం మా నాన్న పాదం, ఒక వేలు తక్కువ. ఆయన కాలికి ఎన్ని ముళ్ళు దిగేవో, ప్రతి ముల్లుకీ ఎంత గట్టిగా అరిచేవాడో గుర్తొచ్చింది. వీధరుగు మీద కూర్చుని పిన్నీసుతో తీసుకుంటూ ఊరంతా వినబడేలా అరిచేవాడు.

తెచ్చిన బూట్లు చూడడానికి దిబ్బరొట్టెల్లా ఉన్నాయి. తొమ్మిదో నంబరు, అన్నిటికంటే వెడల్పువి, లోపల కుట్లు తగలని మెత్తటి రకం. గణేష్‌బాబు తొడిగి, వెనకటి అలవాటు కొద్దీ అడిగాడు.

"నొక్కుతోందాండి?"

"ఆవిణ్ణి అడుగు" అన్నాను.

వరహాలు బూటులోకి వేళ్ళు పెట్టి చుట్టూ తడిమింది. బూటు కొసకీ నా వేళ్ళకీ మధ్య తన బొటనవేలు పట్టేంత జాగా చూసింది. నన్ను నిలబెట్టి, నడిపించి, కూర్చోబెట్టి, విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందేమోనని చూసింది. "సరిపోయాయి" అంది.

"మీకోసమే చేసినట్టున్నాయండి" అన్నాడు గణేష్‌బాబు. ఈసారి అబద్ధం చెప్పలేదు పాపం.

రాజు కూడా అలాంటివే ఒక జత కొన్నాడు. "మళ్ళీ కార్తీకానికి ఇద్దరం దిబ్బరొట్టెలతో ఎక్కుదాం మేస్టారూ" అన్నాడు.

ఫిబ్రవరి 9. ఆదివారం

ఇవాళ గట్టు మీదకి వెళ్ళాను. వరహాలు, ఆడవాళ్ళు కొందరు కలిసి వచ్చే నెల పాపికొండల వైపు వెళ్తున్నారు. దానికోసం ఆమె వేగంగా నడుస్తోంది. "కాస్త ఆగు" అన్నాను. "మీరు మెల్లగా రండి, నేను వంతెన దాకా వెళ్ళొస్తాను" అని ఆగకుండా పోయింది. మా బృందానికి కొత్త అధ్యక్షురాలిగా ఆమె పేరు అనుకుంటున్నారట. రాజే చెప్పాడట. పోనీ, మా ఇంట్లో ఒకరికైనా పదవి వస్తోంది.

కాసేపు నడిచాక ఘాట్ మెట్ల దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఎడమ బూటు విప్పాను. మేజోడు విప్పాను. పాదం ఒళ్ళో పెట్టుకుని అరికాలు తిప్పి చూస్తున్నాను. జనం పోతున్నారు, చూసేవాళ్ళు చూస్తున్నారు.

"నమస్తే సార్! ఏమైనా పోయిందా సార్, వెతుకుతున్నారు?"

ఉదయ్‌భాస్కర్. ట్రాక్ సూటు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అప్పుడతని చూపు నా పాదం మీద పడింది, వేలు లేని చోట ఆగింది. మేజోడు తొడుక్కోవాలని చెయ్యి వెళ్ళింది. తొడుక్కోలేదు.

"నాకు కాళ్ళల్లో స్పర్శ లేదండి. ఏమైనా గుచ్చుకున్నా తెలియదు. అందుకని చూసుకుంటున్నాను" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. అదీ ఇతనితో.

"అయ్యో... టేక్ కేర్ సార్" అన్నాడు. జేబులోంచి ఫోను తీసి, రాని కాల్ ఒకటి ఎత్తి, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. ప్రిన్సిపల్ పదవికి తగినవాడే.

నేను కుడి బూటు కూడా విప్పాను.